పెద్దోడూ చిన్నోడూ ఒకే మాట అంటే

నెమ్మదిగా నడిచే వస్తువుని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గొప్ప కోసం చెప్పడం లేదు, డాక్టరు దగ్గర రోగం చెప్పుకున్నట్టు చెబుతున్నాను. తయారు చేసినవాడు దేనికైనా ఒక హద్దు పెట్టాడంటే, ఇంకొంచెం లాగితే ఏం పోతుందని నా చేతులు దురద పెడతాయి. పాత కంప్యూటర్లు బాగు చేసే కొట్టు పెట్టుకున్నాక ఆ దురదకి మంచి దారి దొరికింది. ప్రాసెసర్‌ని కంపెనీ రాసిన అంకె దాటించి పరిగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అందులో నన్ను మించినవాడు మా చుట్టుపక్కల లేడు. వీధిలో అందరూ నన్ను ‘స్పీడు’ అని పిలిచేవాళ్ళు. పిలిస్తే మురిసిపోయేవాడిని, సిగ్గులేని జన్మ.

మా మేనమామది సరిగ్గా దీనికి ఎదురు తత్వం. ఆయన ఇంజినీరు. షెడ్లకీ మేడలకీ ఎక్కడ ఎంత మందం ఇనుము వాడాలో లెక్క కట్టి, కాగితం కింద సంతకం పెట్టేవాడు. ఆ సంతకం పడందే మేస్త్రీ పని మొదలుపెట్టడు. “తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడని లోకం తిడుతుంది గానీ అల్లుడూ, నాకు ఉద్యోగమే అది” అని నవ్వేవాడు. నిజంగానే ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, కంచం ముందు కూర్చుని పైకప్పు వంక చూసేవాడు. అత్తయ్య మోచేత్తో పొడిస్తే గానీ కళ్ళు కిందికి దించేవాడు కాదు.

ఆయన ఆఫీసు అంటే ఇంట్లో ముందుగది. పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ, దాని పక్కన బల్ల, బల్ల మీద ప్రింటరు, బల్ల కింద ఒక ఇనుప పెట్టెలాంటి కంప్యూటరు. ఇరవై ఏళ్ళ కిందటిది. దాని విశేషం ఏమిటంటే ఒకే బోర్డు మీద రెండు ప్రాసెసర్లు పక్కపక్కన ఉంటాయి. మామయ్య వాటికి పేర్లు పెట్టాడు, పెద్దోడు, చిన్నోడు అని. పిల్లల్లేని ఇంట్లో ఆ పేర్లు వినడం నాకు మొదట్లో కష్టంగా ఉండేది, తరవాత అలవాటైపోయింది. లెక్కలు చేసే ప్రోగ్రాం కూడా ఆయన సొంతంగా రాసుకున్నదే. ఒక షెడ్డు లెక్క పూర్తి కావడానికి తొమ్మిది గంటలు పట్టేది. పొద్దున్న మీట నొక్కి, సాయంత్రం దాకా ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

“మామయ్యా, ఆలస్యం అమృతం విషం అన్నారు” అనేవాడిని.

“నిదానమే ప్రధానం అని కూడా అన్నార్రా. నువ్వు నీకు కావలసిన సామెతే ఏరుకుంటావు.”

లెక్క పూర్తయ్యాక ప్రింటరు రెండు కట్టలు అచ్చు వేసేది. ఆయన ఒక్కో కాగితాన్ని దాని జంట కాగితం మీద పెట్టి, రెండింటినీ కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో పైనుంచి కిందికి చూసేవాడు. చివరి కాగితం అయ్యాక, “ఇద్దరూ ఒకే మాట” అని గొణిగి, కుర్చీలో కూర్చుని సంతకం పెట్టేవాడు. ఈ తతంగం నేను పదేళ్ళు చూశాను. ఎందుకలా చేస్తావని ఒక్కసారి కూడా అడగలేదు. ఒకటి ఆఫీసు కాపీ, ఒకటి పార్టీకిచ్చే కాపీ అనుకున్నాను. అచ్చు వంకరగా పడిందేమోనని చూసుకుంటున్నాడు అనుకున్నాను. అన్నీ తెలిసినవాడికి అడగాల్సిన పనేముంటుంది.

కిందటేడు ఎండాకాలంలో ఆయనకి పెద్ద మార్కెట్ షెడ్డు పని వచ్చింది. నాలుగు వందల పైచిలుకు ఇనుప యాంగిళ్ళతో కప్పు. వానలు పడేలోగా నిలబెట్టాలని కాంట్రాక్టరు ఒకటే తొందర, వారానికి రెండుసార్లు కొలతలు మార్చేవాడు. మార్చినప్పుడల్లా మళ్ళీ తొమ్మిది గంటలు. అదే సమయానికి అత్తయ్యకి కంటి ఆపరేషను వచ్చింది, ఆస్పత్రిలో మూడు రోజులు ఉండాలి. మామయ్య ఇంటి తాళం నా చేతిలో పెట్టి, “దుమ్ము దులిపి ఆ ఫ్యాన్లు మార్చు, చాలు. ఇంకేం కెలకకు” అన్నాడు.

కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చి, పగలగొట్టకు అన్నట్టు.

పెట్టె మూత తీసి దుమ్మంతా ఊదేశాను. ప్రాసెసర్ల మీద ఎండిపోయి సున్నంలా అయిన పేస్టు గీకి, కొత్తది రాశాను. నా కొట్లో ప్రాసెసర్ వేడిని లాగేసే ఒక మంచి రాగి హీట్‌సింకు ఉంటే పెద్దోడికి బిగించాను. అలాంటిది ఇంకొకటి దొరకలేదు కాబట్టి చిన్నోడికి పాతదే ఉంచి, ఫ్యాను మాత్రం మార్చాను. అక్కడితో ఆగాల్సింది. ఆగితే నేను ‘స్పీడు’ని ఎలా అవుతాను. వేగం ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయాను. ఆరో మెట్టు దగ్గర తెర బిగుసుకుపోయింది. ఒక మెట్టు దిగి, వోల్టేజి కాస్త పెంచి, పొద్దున్న ఆరు నుంచి పది దాకా ఆపకుండా పరీక్ష నడిపాను. ఒక్క తప్పు లేదు. గది చల్లగా ఉంది, నాకు ఈల వేయాలనిపించింది.

తరవాత ఆయన ప్రోగ్రాం తెరిచి చూశాను. చూసి నవ్వుకున్నాను. ఒకే లెక్కని మొదటినుంచి చివరిదాకా పెద్దోడి చేత చేయించి, మళ్ళీ అదే లెక్కని మొదటినుంచి చిన్నోడి చేత చేయిస్తోంది. ఇద్దరు కూలీలని పెట్టుకుని, ఒకడు తవ్విన గుంతని పూడ్చి రెండోవాడి చేత మళ్ళీ తవ్వించినట్టు ఉంది. పాతకాలపు ప్రోగ్రాం, పాపం ఇద్దరికి పని పంచడం తెలియదు అనుకున్నాను. నేను పంచాను. మామూలు బరువుల లెక్కలు పెద్దోడికి, గాలివాన లెక్కలు చిన్నోడికి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, చివరికి రెండు సగాలూ కలిసి ఒక జవాబు వస్తుంది. మామయ్యకి రెండు కాపీలు కావాలి కదా, ఆ ఒక్క జవాబునే రెండుసార్లు అచ్చు వేసేలా పెట్టాను. ఆయన అలవాటు చెడకూడదని అంత శ్రద్ధ తీసుకున్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మామయ్య మారిన కొలతలు ఎక్కించి మీట నొక్కాడు. బయట ఎండ పెళ్ళుమని కాస్తోంది. కిటికీ అద్దం చేత్తో ముట్టుకోలేనంత కాలుతోంది. మూడు గంటలు కాకుండానే ప్రింటరు కదిలింది.

“తొమ్మిది గంటల పని ఇంతట్లో అయిపోయిందా?” అన్నాడు ఆశ్చర్యంగా.

“కొంచెం వేగం పెంచాను మామయ్యా. నా చేతి చలవ.”

“చేతి చలవో, చేతి దురదో. కెలకొద్దన్నానా?” అన్నాడు గానీ మొహంలో సంతోషం దాగలేదు. కాంట్రాక్టరు అప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు మరి. కాగితాలు జంటలు జంటలుగా అద్దానికి ఆనించి చూశాడు.

“సరిపోయాయా?” అని అడిగాను.

“అచ్చు గుద్దినట్టున్నాయి” అన్నాడు.

అచ్చు గుద్దినవే కదా మరి, అనుకున్నాను నేను. ఆయన సంతకం పెట్టాడు.

షెడ్డు లేచింది. ఎనిమిది నెలలు నిలబడింది. తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం గాలి లేచి, పావుగంట గట్టిగా కొట్టింది. షెడ్డు మూల వంగి, ఒక వైపు కప్పంతా కూలిపోయింది. ఐదుగురికి దెబ్బలు తగిలాయి. కాటా దగ్గర కూర్చుని తూకం వేసే మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. అతనికి ముప్ఫై రెండేళ్ళు.

విచారణ మొదలైంది. మొదట విరిగింది డెబ్బై మూడో నంబరు యాంగిల్ అని తేల్చారు. గాలి కొట్టినప్పుడు దాని మీద పద్దెనిమిది టన్నుల బరువు పడుతుంది. మామయ్య సంతకం పెట్టిన కాగితంలో తొమ్మిది అని ఉంది. ఆ తొమ్మిదికి సరిపడా సన్నటి ఇనుమే వాడారు. విచారణాధికారి మామయ్యని నిలబెట్టి అడిగాడట, “యంత్రం పొరపాటు పడితే అడ్డదిడ్డంగా పడుతుంది. సరిగ్గా సగం చేసేది మనిషే. ఇనుము మిగిల్చి ఎవరికి మేలు చేశారు మీరు?” అని. మర్నాడు పేపర్లో ఫొటోతో సహా వేశారు. ఎదురింటివాళ్ళు పలకరించడం మానేశారు. పాలవాడు కూడా అత్తయ్యతో మాట్లాడకుండా పాలు పోసి వెళ్ళేవాడు.

విచిత్రం ఏమిటంటే మామయ్య చెక్కు చెదరలేదు. వేళకి తిన్నాడు, వేళకి పడుకున్నాడు. ఒకరోజు అత్తయ్య ఏడుస్తుంటే ఆమెకి నచ్చజెప్పాడు, నేను అక్కడే గుమ్మంలో నిలబడి ఉన్నాను.

“చూడు, యంత్రం తప్పు చెయ్యొచ్చు. పెద్దోడు చెయ్యొచ్చు, చిన్నోడు చెయ్యొచ్చు. కానీ ఒకడి మొహం ఒకడు చూడకుండా విడివిడిగా లెక్క చేసి, ఇద్దరూ ఒకే తప్పు చెయ్యరు. అందుకే నేను ఇద్దరి చేతా చేయిస్తా. రెండు కాగితాలూ కలిస్తేనే సంతకం. కలిశాయి. నేను చూశాను. వాళ్ళు కొలతలు తప్పు ఎక్కించుకుని ఉంటారు. తేలుతుంది, ఏడవకు.”

పదేళ్ళుగా కళ్ళ ముందు జరుగుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయన కిటికీ దగ్గర అచ్చు చూసుకోలేదు. సాక్ష్యం చూసుకున్నాడు. ఇద్దరు సాక్షుల్లో ఒకణ్ణి నేను తీసేసి, ఒకడి మాటే రెండుసార్లు వినిపించాను.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య వకీలు దగ్గరికి వెళ్ళినప్పుడు, నా దగ్గరే ఉండిపోయిన తాళంతో ఆ గది తెరిచి, షెడ్డు లెక్క మళ్ళీ నడిపాను. డెబ్బై మూడు, పద్దెనిమిది టన్నులు. నా ప్రాణం లేచి వచ్చింది. నా మీద నాకే నమ్మకం చాలక, ఆ మర్నాడు కూడా ఆయన లేని వేళ చూసి, ఎండ ముదిరాక ఇంకోసారి నడిపాను. తొమ్మిది. అదే గాలివాన లెక్కని పెద్దోడికి ఇచ్చి చూశాను, పద్దెనిమిది. వేడెక్కిన చిన్నోడు ఆగిపోలేదు, తడబడలేదు, తెర బిగుసుకోలేదు. తొణక్కుండా అబద్ధం చెప్పాడు. సరిగ్గా సగం ఎందుకయిందో ఆ అధికారికి తెలియదు, నాకు తెలుసు. కంప్యూటరు లోపల ప్రతి అంకే సున్నాల, ఒకట్ల వరస; అందులో సరైన చోట ఒక్క ఒకటి బదులు సున్నా పడితే చాలు, అంకె సగమైపోతుంది.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను. వేగం పాత అంకెకి దించేశాను. వోల్టేజి దించేశాను. నేను మార్చిన ప్రోగ్రాం చెరిపేసి ఆయన పాత ప్రోగ్రాం పెట్టేశాను. రాగి హీట్‌సింకు కూడా విప్పి సంచీలో వేసుకుని, పాతదే బిగించాను. భయంతో చేశాను. భయానికి ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మోసం చేయను. నాలుగు రోజుల తరవాత అధికారులు వచ్చి కంప్యూటరు పట్టుకెళ్ళి, వారం రోజులు పరీక్షించి, ఏ లోపమూ లేదని రాసిచ్చారు. ఎన్నిసార్లు నడిపినా పద్దెనిమిదే వచ్చిందట. ఇక కాగితం మీది తొమ్మిది మామయ్య సొంత చేత్తో మార్చిందేనని అందరికీ రూఢి అయిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ పోటు వేసినవాణ్ణి నేను.

ఆఖరి విచారణకి రెండు రోజుల ముందు అత్తయ్య మా ఇంటికి వచ్చింది. ఆపరేషనైన కన్ను వెలుతురుకి ఇప్పటికీ ఓర్వదు, నల్లద్దం పెట్టుకునే ఉంది.

“ఒరే, నీకు యంత్రాలు తెలుసు కదా. ఎక్కడో ఏదో జరిగి ఉంటుందని నువ్వొచ్చి చెప్పరా. ఉద్యోగం పోతే పోనీ. ఆయన్ని దొంగ అంటున్నారు, అది వినలేకపోతున్నాను.”

“చెబుతాను అత్తయ్యా” అన్నాను.

మర్నాడు మామయ్య దగ్గరికి వెళ్ళాను. ముందుగదిలో కూర్చుని విచారణకి కాగితాలు సర్దుకుంటున్నాడు. అత్తయ్య వంటింట్లో ఉంది. నేను నిలబడే అంతా చెప్పేశాను. వేగం పెంచింది, పని పంచింది, మళ్ళీ అంతా దించేసింది, ఒక్కటి కూడా దాచలేదు. చెబితే ఆయన మీది దొంగ ముద్ర పోతుంది, నన్ను తన్నినా తరవాత తేలికపడతాడు అనుకున్నాను. నా తెలివి ఎప్పుడూ అంతవరకే.

ఆయన కళ్ళు కిటికీ అద్దం మీదికి వెళ్ళాయి.

“అయితే ఆ రోజు నేను కిటికీ దగ్గర చూసింది...”

“ఒకే కాగితం మామయ్యా. రెండు కాపీలు.”

“చిన్నోడు ఒక్కడే చెప్పిందా?”

“ఒక్కడే.”

చేతిలో ఉన్న కాగితాలు బల్ల మీద పెట్టాడు. మొహం ఒక్కసారిగా ముసలైపోయింది. ఇంతమంది దొంగ అన్నప్పుడు రానిది ఇప్పుడు వచ్చింది.

“ఆవిడ దగ్గరికి వెళ్ళానురా. ఆ తూకం వేసే అతని భార్య దగ్గరికి. మీ అత్తయ్యకి చెప్పలేదు. ఒళ్ళో పిల్లని పడుకోబెట్టుకుని కూర్చుంది. ‘అమ్మా, నేను రెండుసార్లు చూశాను, నా వల్ల కాదు’ అని చెప్పాను. నమ్మింది. లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి వచ్చాను.”

“మామయ్యా, తప్పు నాది. రేపు నేనే చెబుతాను. తిట్టు నన్ను, కొట్టు.”

“నిన్ను తిడితే ఏం వస్తుంది? తొమ్మిది గంటల పని మూడు గంటల్లో అయితే ఎందుకయిందని అడగాలి. ముప్ఫై ఏళ్ళు మేస్త్రీల్ని అడిగాను, కాంట్రాక్టర్లని అడిగాను, నాకన్నా పెద్దవాళ్ళని నిలదీశాను. నిన్ను అడగలేదు. చెల్లెలి కొడుకువని అడగలేదు.” బల్ల మీది కాగితాలు దూరంగా జరిపి, “ఇన్నాళ్ళూ వాళ్ళు ఏమన్నా నిద్ర పట్టింది, నేను చూశానని తెలుసు కాబట్టి. చూడలేదట. ఇప్పుడు చెప్పావు” అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బాగుపడేవాడినేమో.

విచారణ గదిలో వరసగా కుర్చీలు వేశారు. నేను మూడో వరసలో కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. అధికారి అడగకముందే మామయ్య లేచి నిలబడ్డాడు.

“నేను లెక్క సరిచూడలేదండీ. సరిచూడకుండానే సంతకం పెట్టాను.”

“రెండు కాగితాలూ పోల్చానని ఇంతకుముందు మూడుసార్లు చెప్పారే.”

“పోల్చాననుకున్నాను. రెండూ ఒకే లెక్క అచ్చులు. అది నేను కనిపెట్టాల్సింది. కనిపెట్టలేదు.”

“కంప్యూటరులో ఎవరైనా ఏమైనా మార్చారా?”

నేను లేచాను. కుర్చీ కిర్రుమంది. గదిలో అందరూ నా వైపు తిరిగారు. అధికారి కళ్ళజోడు సవరించుకుని, “మీరెవరు?” అన్నాడు. నా చెయ్యి జేబు మీదే ఉంది.

మామయ్య నా వైపు చూడకుండానే, “మా అల్లుడండీ. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. యంత్రం నాది, సంతకం నాది. ఇంకెవరికీ సంబంధం లేదు” అన్నాడు.

అధికారి రాసుకున్నాడు. నేను నిలబడి ఉన్నాను. కాదండీ అంటే సరిపోయేది. ఒక్క మాట. ఎవరూ నా నోరు మూయలేదు, ఎవరూ నన్ను పట్టుకుని ఆపలేదు. నేను కూర్చున్నాను.

మోసానికి ఆధారం లేదని, నిర్లక్ష్యం మాత్రం తనే ఒప్పుకున్నాడని రాశారు. ఇక జన్మలో ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. మనిషి చావుకి కారణమైనందుకు కోర్టు కేసు వేరే నడుస్తుంది, జైలు తప్పకపోవచ్చని వకీలు మెట్లు దిగుతూ చెప్పాడు. మామయ్యని ఇంటికి తీసుకొచ్చాను.

అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. “ఏమన్నారు?” అని అడిగింది.

“మోసం కాదన్నారు. నా అజాగ్రత్త అన్నారు” అన్నాడు మామయ్య.

“దొంగ కాదన్నారుగా. చాలు, నాకది చాలు.” ఆమె నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పావా?”

నేను మామయ్య వంక చూశాను. మామయ్య గోడ పట్టుకుని చెప్పులు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“చెప్పాడు” అన్నాడు.

అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళంరా. నీ మేలు ఈ జన్మలో మరిచిపోను” అంది.

“అంత మాటెందుకు అత్తయ్యా” అన్నాను నేను.